తాతయ్య వలిచిన మామిడి తొక్క

నా చిన్నప్పుడు, ఆళ్లగడ్డలో మా ఇంట్లో మామిడిపండు కోసే అధికారం తాతయ్యది. తినే అధికారం మాత్రం ఆయనకు లేదు. కాలి మీద పుండు ఎంతకీ మానకపోతే నంద్యాల డాక్టరు చూసి చక్కెర జబ్బని తేల్చాడు. అప్పటి నుంచి తీపి శాఖ అవ్వ చేతిలోకి వెళ్లింది. సొన పోవడానికి బకెట్టు నీళ్లలో నానబెట్టిన బేనీషా పండ్లను తాతయ్య వలిచి, ముక్కలు మాకు పెట్టి, తొక్కలు బర్రెకని పెరట్లోకి తీసుకెళ్లేవాడు.

ఎండలు ముదిరేకొద్దీ మా ముక్కలు చిన్నవవుతూ వచ్చాయి. పండ్లు మాత్రం అంతే ఉన్నాయి. ఇది నాకు అంతుపట్టలేదు. ఒకరోజు వెనకాలే వెళ్లి చూద్దును కదా, తాతయ్య గడ్డివామి చాటున కూర్చుని, తొక్కకు వేలెడు మందాన అంటుకున్న గుజ్జును పళ్లతో గీకుతున్నాడు. బర్రె కూడా నాలాగే నిలబడి చూస్తోంది.

"సారమంతా తొక్కలోనే ఉంటాది పాపా. కండలో ఏముంది, ఉత్త తీపి" అన్నాడు గంభీరంగా, గడ్డం తుడుచుకుంటూ.

నమ్మాను. మర్నాడు పండ్లు బకెట్టులో పడకముందే ఒకటి తీసుకుని తొక్కంతా నమిలాను. సొన అంటి, సాయంత్రానికి పెదాలు పూరీల్లా పొంగాయి. "ఏం తిన్యావే?" అని అవ్వ నిలదీస్తే, తాతయ్య శాస్త్రం ఉన్నదున్నట్టు అప్పజెప్పాను.

అవ్వ అరవలేదు. నా పెదాలకు కొబ్బరినూనె రాసి, నానిన పండొకటి తీసుకుని కాగితమంత పలచగా వలిచింది. కండ మాకిచ్చి, తొక్క గిన్నెలో వేసి తాతయ్య ముందు పెట్టింది.

"సారమంతా ఈడనే ఉందంట కదయ్యా, తిను. డాక్టరు యాడ కాలు తీసేయాలంటాడో అని నేను సస్తాండా."

తాతయ్య ఆ కాలు చూసుకున్నాడు. తర్వాత తొక్క తీసుకుని నమిలాడు, చివరిదాకా. రుచి గురించి వ్యాఖ్యానించలేదు. మరుసటి రోజు నుంచి బర్రెకు తొక్కలు అందాయి.

ఏళ్ల తర్వాత నంద్యాలలో కాలేజీ చదువుతుండగా, మామిడి కండలో కంటే తొక్కలోనే యాంటీఆక్సిడెంట్లు ఎక్కువని పాఠంలో విన్నాను. కోసిన పండు గాలికి నల్లబడినట్టు మన ఒంట్లో జరిగే చెరుపును అవి నెమ్మదింపజేస్తాయట. ఆ ఆదివారమే బస్సెక్కి వెళ్లి తాతయ్యకు చెప్పాను. అరుగు మీద రెండు కాళ్లూ బారజాపుకుని విన్నాడు.

"నేనప్పుడే చెప్తి గదా" అన్నాడు.

"కొందరికి అబద్ధం కూడా కలిసొస్తాది" అంది అవ్వ లోపలి నుంచి.

ఆ రోజు నుంచి మామిడిపండు తొక్కతోనే తింటున్నాను. ఎవరైనా గంభీరంగా ఏదైనా చెబితే వెంటనే నమ్మను, కొట్టిపారేయను కూడా. ముందు ఓ పూట నీళ్లలో నానబెడతాను.