ఎముకల్లేని పటానికి వెదురు ఎముకలు

నాలుగేళ్ళ కిందట నేను మా మేనకోడలి ఉద్యోగాన్ని సూదీదారంతో కుట్టి పారేశాను. అవును, మీరు సరిగ్గానే చదివారు. నవ్వదలచుకుంటే ఇప్పుడే మొదలుపెట్టండి, చివరిదాకా ఆగితే ఊపిరి చాలదు.

మా తమ్ముడి కూతురు హారిక విశాఖ సముద్రంలో ఒక ఆట నేర్చుకుంది. కాళ్ళ కింద పలక, నడుముకు పట్టీ, పట్టీకి తాళ్ళు, తాళ్ళ చివర ఇంటి కప్పంత గాలిపటం. గాలి పటాన్ని లాగుతుంది, పటం పిల్లను లాగుతుంది, పిల్ల నీళ్ళ మీద జారిపోతుంది. కైట్‌బోర్డింగ్ అంటారట. ఆ ఆట నేర్పేవాళ్ళు దాని చేతికి రెండు పటాలిచ్చారు. ఒకే కంపెనీవి, ఒకటి పాత రకం, ఒకటి కొత్త రకం. "రెండూ ఒకే రోజు, ఒకే గాలిలో ఎగరేసి, తేడా తెలిసేలా వీడియో తీసి శనివారంలోగా పంపు. నచ్చితే నిన్నే టీచరుగా పెట్టుకుంటాం" అన్నారు. మా కల్లూరు దగ్గర రిజర్వాయరు మీద గాలి బాగా వీస్తుందని పిల్ల మా ఇంట్లో దిగింది.

శుక్రవారం పాతదాన్ని ఎగరేసి చూసింది. ముందంచున గాలి నింపిన గొట్టం ఒక్కటే, మిగతాదంతా ఉత్త గుడ్డ. పుల్ల లేదు, బద్ద లేదు. గాలి తగ్గినప్పుడల్లా వెనకంచు ఎలా కొట్టుకుందంటే, పెళ్ళివారి లారీకి కట్టిన టార్పాలిన్ కూడా దానికంటే మర్యాదగా ఉంటుంది.

సాయంత్రం చాయ్ దగ్గర వాదన మొదలైంది. మొదలుపెట్టింది ఎవరో వేరే చెప్పాలా?

"ఎముకల్లేని పటం ఏందే? పుల్లలు పెట్టుడు మర్చిపోయిండ్రు."

"మర్చిపోలేదత్తా, కావాలనే తీసేసిండ్రు. నువ్వనే పుల్లలు, గవే స్ట్రట్లు, లేకుంటే బరువు తక్కువ, కొంచెం గాలికే లేస్తది, మడిచి సంచిల పెట్టుకోవచ్చు. పాతదాంట్ల అంచు కొట్టుకుంటది. కొత్తదాంట్ల గుడ్డ బిగువు పెంచిండ్రు, కత్తిరింపు మార్చిండ్రు. గదే తేడా."

"నాకు చెప్పకు. నేను బీఎస్సీ ఫిజిక్స్."

"ముప్పై ఏళ్ళ కింద" అన్నారు మా ఆయన, చాయ్‌లో బిస్కెట్ ముంచుతూ.

"ఫిజిక్స్‌కు ఎక్స్‌పైరీ డేట్ ఉంటదా?"

బిస్కెట్ విరిగి చాయ్‌లో పడింది. నేను గెలిచినట్టే లెక్క.

శనివారం పొద్దున్నే పిల్ల, పటం గొట్టంలో గాలి కొట్టే పంపుకు వాషరు వేయించడానికి ఖమ్మం బస్సెక్కింది. నేను పాత పటాన్ని చంకన పెట్టుకుని మస్తాన్ భాయ్ దుకాణానికి నడిచాను. మా చుట్టుపక్కల పెళ్ళికైనా చావుకైనా షామియానా కుట్టేది ఆయనే. గుడ్డ గాలికి కొట్టుకోకుండా దానికి సన్నటి సంచుల్లాంటివి కుట్టి, వాటిలో అడవి వెదురు బద్దలు దూర్చడం ఆయన విద్య. ఆయన షామియానా వేస్తే కదలదు. కదలకుండా ఉండటం షామియానా పనిగానీ పటం పని కాదని నా ఫిజిక్స్‌కు తట్టలేదు.

"అక్కా, గిది షామియానా కాదు గదా" అన్నాడు భాయ్, గుడ్డను వేళ్ళతో రుద్ది చూస్తూ. "సూది దిగితే బొక్క మళ్ళ పూడదు."

"గాలికి కొట్టుకునే గుడ్డ ఏదైతేంది భాయ్? బద్ద పెట్టు."

"పిల్లను అడిగినవా?"

"పిల్లకు సర్‌ప్రైజ్."

ఆయన ఒకసారి పైకి చూసి మిషను తొక్కాడు. ఐదు బద్దలు ఎక్కాయి.

మధ్యాహ్నం మూడింటికి అందరం రిజర్వాయరు గట్టు మీద ఉన్నాం. తన పనితనం కళ్ళారా చూసుకుందామని భాయ్ కూడా వచ్చాడు, మెడలో కొలత టేపుతో సహా. దుప్పట్లో చుట్టి తెచ్చిన పటాన్ని, కొత్త కోడలి ముసుగు తీసినంత మురిపెంగా విప్పాను.

హారిక నోరు తెరిచింది. మూయలేదు.

"అత్తా... ఇవేంది?"

"ఎముకలు! ఇగ ఎట్ల కొట్టుకుంటదో నేనూ చూస్త."

అప్పుడే ఒక గాలి విసురు వచ్చి పటాన్ని పొర్లించింది. ఫట్! ఫట్! రెండు బద్దలు అప్పడాల్లా విరిగాయి. పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"రెండూ ఎగిరితేనే ఉద్యోగం అత్తా. ఇవాళే ఆఖరు. ఒక్కటే ఎగరేస్తే దేంతోని పోల్చాలె?"

నాకు జీవితంలో మొదటిసారి జవాబు దొరకలేదు. (ఆ తేదీని మా ఆయన ఇప్పటికీ పండగలా గుర్తుపెట్టుకున్నారు.)

ఆదుకున్నది భాయే. "నిలబడి చూస్తవేంది అక్కా, జల్దీ పట్టుకో" అని జేబులోంచి కత్తెర తీశాడు. ఆయన కుట్లు తెంపితే నేను బద్దలు లాగాను. హారిక తన సంచిలోని అతుకు టేపును సూది బొక్కల మీద రెండు వైపులా అంటించింది. గంటలో పాత పటం లేచింది, ఒళ్ళంతా పట్టీలతో, దవాఖానా నుంచి పారిపోయిన రోగిలా! అంచు పటపటా కొట్టుకుంటూనే పిల్లను నీళ్ళ మీద చాలా దూరం లాక్కుపోయింది. వెంటనే కొత్తది. అదే గాలి, కానీ చప్పుడే లేదు. చెయ్యి ఇటు తిప్పితే ఇటు, అటు తిప్పితే అటు. తేడా నాక్కూడా అర్థమైంది. పైకి అనలేదనుకోండి.

పిల్ల వట్టి నిజాయితీపరురాలు. "పాతదానికి మా అత్త వెదురు బద్దలు కుట్టించింది. తీసేసి అతుకులు వేశాను" అని వీడియో కింద రాసి పంపేసింది. రెండు రోజులు నాకు అన్నం సహించలేదు.

సోమవారం ఫోనొచ్చింది. "కొత్తది మెరుగని మాకూ తెలుసమ్మా. కానీ మీ అత్తగారి చేతిలో పడ్డ పటాన్ని గంటలో బాగుచేసి ఎగరేశారు చూడండి, అలాంటి టీచరే మాకు కావాలి."

"చూసిండ్రా? నా వల్లనే ఉద్యోగమొచ్చింది!" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను.

మా ఆయన పేపరు మడిచారు. "ఎముక లేనిదే బాగా ఎగురుతదని నాకు ముందే తెలుసు."

"మీకెట్ల తెలుసు?"

"ఇరవై ఐదేళ్ళ సంది నీ నాలుకను చూస్తలేనా? ఎంత చిన్న గాలికైనా లేస్తది. ఇప్పటిదాంక కిందికి దిగలే."

కనుక, మస్తాన్ భాయ్ కత్తెర సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: దేవుడు గానీ కంపెనీ గానీ ఎముక లేకుండా తయారుచేసిన ఏ వస్తువుకూ ఇకమీదట ఎముక పెట్టించను. ఒక్క వస్తువు విషయంలో మాత్రం మినహాయింపు ఇమ్మని మా ఆయన రోజూ బతిమాలుతున్నారు.