పడవలో ఉడికిన సాక్ష్యం

ధవళేశ్వరం లాకుల దగ్గర ఆగిన పడవలోంచి పులుసు వాసన వస్తే జనానికి ఆకలేస్తుంది. నాకు మాత్రం మా సీనియరు ప్లీడరు సోమయాజులు గారు గుర్తొస్తారు. రాజమండ్రిలో ఆయన దగ్గర చేరేనాటికి నాకు బి.ఏ. పట్టా ఉంది, ఆయనకు ఓపిక ఉంది. పనికొచ్చేది రెండోదేనని తెలియడానికి నాకొక కేసు పట్టింది.

పాలకొల్లు దగ్గర ఒక ఊళ్ళో సాయంత్రం పూట గడ్డివాము తగలబడింది. వాముగల ఆసామితో గట్టు తగాదా ఉన్న సూరన్నే నిప్పు పెట్టాడని కేసు. అతని తరఫు ప్లీడరు మా సీనియరు గారే. కేసు కోసం రాజమండ్రి వచ్చిన సాక్షులు రేవులో దిగుతూనే, పారిపోయినవాడి నెత్తిన ఎర్ర తలపాగా చూశామన్నారు. ఆ ఊళ్ళో ఎర్ర తలపాగా కట్టేది సూరన్న ఒక్కడే. జైలు ఖాయమనుకుని అతను ఎడ్లను బావమరిదికి అప్పగించి మరీ వచ్చాడు.

"అబద్ధాలకోరులండీ, కడిగెయ్యండి," అన్నాను.

"అబద్ధమాడటం లేదోయ్. మన కష్టమంతా అదే," అన్నారాయన.

కోర్టులో మొదటి సాక్షిని, "ఎలా వచ్చారయ్యా?" అని అడిగారు.

"ఒక్కడు తప్ప అందరం ఒకే పడవలోనండి."

"ఏం వండుకున్నారు?"

"వంకాయ పులుసండి."

జడ్జీ దొర గడియారం చూసుకున్నాడు. నేను నేల చూపులు చూశాను.

"దారిలో వాము సంగతి మాట్లాడుకున్నారా?"

"ఇంకేం మాట్లాడుకుంటామండీ?"

"ఎర్ర తలపాగా అని ముందు అన్నదెవరు?"

సాక్షి నిజాయితీగా ఆలోచించాడు. "ముందెవరేంటండీ? అందరం అనుకున్నాం."

తక్కినవాళ్ళదీ అదే మాట, అదే పులుసు. చివరి సాక్షి వెంకన్న మాత్రం, పడవెక్కితే కళ్ళు తిరుగుతాయని బండి మీద విడిగా వచ్చాడు.

"తలపాగానా? మంట కళ్ళల్లో కొట్టిందండి. ఎవరో పరిగెత్తాడు. నెత్తిన ఏముందో నేనెరగను."

సూరన్న విడుదలయ్యాడు. తరవాత తెల్ల తలపాగాకు మారాడని విన్నాను.

ఆ సాయంత్రం సోమయాజులు గారు పడవ సాక్షులందర్నీ అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించారు. నేను నవ్వబోతే, "ఊరుకోవోయ్. ఆ పడవలో ఉంటే తలపాగా నీకూ కనిపించేది," అన్నారు. కాలేజీలో ఎవరూ నాకింత మర్యాదగా బుద్ధి చెప్పలేదు.

ఇప్పటికీ సాక్షులొస్తే ఒక్కొక్కరినే లోపలికి పిలిచి వింటాను. ఆయన గురించిన ఈ నాలుగు మాటలు కూడా ఎవరితోనూ చెప్పుకోకముందే రాశాను. ఆయన దగ్గర చేసిన తక్కిన జూనియర్లు మరోలా చెబితే వాళ్ళనూ నమ్మండి, వేరువేరు పడవల్లో వచ్చినవాళ్ళయితే.