మగ్గం చప్పుడు తీసేయకండి

పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ కంపెనీకి నేను తెలుగులో ఫిర్యాదు రాశానని మా వాడలో ఇప్పటికీ నవ్వుకుంటారు. నవ్వనీ. ఫిర్యాదులు రాయడం నాకు ఇవాళ కొత్తగా పుట్టిన బుద్ధి కాదు. మీసాలు రాకముందే రేడియో కంపెనీకి కార్డు రాసినవాణ్ణి. మీ రేడియోలో స్టేషను ముల్లు వానాకాలం బిగుసుకుపోతున్నది, దాన్ని తిప్పే దారం మార్చండి అని రాశాను. జవాబు రాలేదు గానీ తర్వాత వచ్చిన రేడియోలో దారం మారింది. నా కార్డు చూసే మార్చారంటే ఎవరూ నమ్మలేదు. నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.

వరంగల్‌లో మాది మగ్గాల వాడ. మా నాన్న గుంట మగ్గం మీద దుప్పట్లు, తువ్వాళ్లు నేసేవాడు. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని, పలకలు తొక్కుతూ నేసే మగ్గం అది. ఆ గుంటలోకి నేను దిగనని మొండికేశాను. బడి కూడా మధ్యలోనే వదిలి, పాడైన రేడియోలు విప్పుకుంటూ కూర్చున్నాను. సర్క్యూటు బొమ్మల కింద ఉండే ఇంగ్లీషు ముక్కలను కూడబలుక్కునే ఆ భాష నేర్చుకున్నాను. తర్వాత మైకుసెట్టు పెట్టాను. పెళ్లి అయినా, బోనాలైనా, క్రైస్తవుల సువార్త కూటమైనా నా హారన్లే మోగేవి. డీజేలు వచ్చి మైకుసెట్టును అటకెక్కించాక, ముందరి గదిలో ఒక కంప్యూటరు, ఒక మైకు పెట్టుకుని భజన బృందాలకు పాటలు రికార్డు చేసి ఇస్తున్నాను. ఈ పనీ ఎవరూ నేర్పలేదు.

ఆ సాఫ్ట్‌వేర్ మొదటిసారి తెరిచిన రోజు అబ్బురపడిపోయాను, అది మాత్రం ఒప్పుకోవాలి. జీవితమంతా చెవితో పని చేసినవాణ్ణి. మనిషి గొంతు కంటికి కనపడుతుందని ఎన్నడూ అనుకోలేదు. భజన గురువు ఎత్తుకున్న పల్లవి తెర మీద గుట్టలు గుట్టలుగా నిలబడింది. ఊపిరి తీసుకున్న చోట సన్నని గీత. దగ్గిన చోట ముల్లు. ఆయన్ను పిలిచి చూపిస్తే, భయపడ్డట్టుగా తన గొంతు పట్టుకుని చూసుకున్నాడు.

అప్పుడే అక్క పాట గుర్తుకొచ్చింది.

నేను కాదన్న ఆ గుంటలోకి అక్క దిగింది. పెళ్లయ్యాక కూడా ఆమె ఉన్నది మా వాడలోనే, ఆమె పనీ మగ్గమే. అమ్మ పాడిన పాట ఒకటి అక్కకు మాత్రమే వచ్చు. పత్తి చేలో పువ్వు పూసిన దగ్గర మొదలై, ఏకి, వడికి, రంగు అద్ది, నేసి, చివరికి ఒక మనిషి భుజం మీద కండువా అయ్యేదాకా సాగే పాట. చాలా పొడుగుంటుంది. అమ్మ దగ్గర నేనూ విన్నాను, కానీ నాకు ముక్కలే మిగిలాయి. ఇంకెవరికీ ముక్కలు కూడా లేవు.

అక్క మోకాళ్లు అరిగిపోయాయి. గుంటలోకి దిగొద్దు, ఎక్కొద్దు అని దవాఖానలో గట్టిగా చెప్పారు. ఆమె కొడుకు, అంటే నా మేనల్లుడు, మగ్గం తీసేసి గుంట పూడ్చి టైల్స్ వేయిస్తానన్నాడు. అతని తప్పేమీ లేదు. ఒకసారి దిగిన తల్లిని ఇద్దరు పట్టి పైకి లేపాల్సి వచ్చింది. మగ్గం పోకముందే పాట రికార్డు చేద్దామని నేను పట్టుబట్టాను.

మొదట అక్కను నా గదికే తీసుకొచ్చాను. తలుపులు మూసి, ఫ్యాను ఆపి, మైకు ముందు కుర్చీ వేశాను. అక్క గొంతు సవరించుకుని పత్తి చేను పాడింది, పత్తి ఏరడం పాడింది, అక్కడ ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే ఆగింది. నీళ్లు తాగింది. మైకును, నన్ను, ప్రతిధ్వని రాకుండా గోడకు కొట్టిన దూది అట్టలను చూసింది.

"కాళ్లకింద ఏం లేదురా తమ్మీ. పాట ఎట్ల నడుస్తది?" అన్నది.

అమ్మ దగ్గర ఆమె నేర్చుకున్నది ఉత్త పాట కాదు. పలక తొక్కడం, నూలు చుట్టిన నాడెను పోగుల మధ్య విసరడం, పడ్డ పేకను దగ్గరికి గుద్దడం, వాటితో పాటు మాటలు. ఒకటి లేకపోతే ఇంకోటి రాదు. సరేనని మైకు పట్టుకుని నేనే ఆమె ఇంటికి పోయాను. కొడుకు, కోడలు చెరో పక్క పట్టి ఆఖరుసారిగా గుంటలోకి దింపారు. మేనల్లుడు మొహం చిన్నబుచ్చుకునే ఉన్నాడు. అక్క మొహం మాత్రం పుట్టింటికి వచ్చినట్టుంది. నాడె అటు పోయింది, ఇటు వచ్చింది. ఎక్కడా మాటల కోసం తడుముకోకుండా మొదటి నుంచి కండువా దాకా పాడింది. మధ్యలో కోడలు వంటింట్లోంచి వచ్చి, తడి చేతులతోనే గడపలో నిలబడిపోయింది. నా చెవుల్లోని ఇయర్‌ఫోన్లలో మగ్గం, గొంతు కలిసి వినపడుతుంటే నేను అమ్మ పక్కన కూర్చున్న పిల్లవాణ్ణయ్యాను.

ఆ వారంలోనే మగ్గం విప్పేశారు. గుంటలో మన్ను పోసి దిమ్మిస కొట్టారు.

తర్వాత తీరిగ్గా కంప్యూటర్లో ఆ పాట పెట్టుకున్నాను. పెట్టి, ఆపి, స్పీకర్ల వైర్లు చూశాను. మళ్లీ పెట్టాను. మగ్గం లేదు. పూర్తిగా లేదు. అక్క గొంతు ఒక్కటే, మూత బిగించిన సీసాలోంచి పాడుతున్నట్టుగా ఉంది. అది కూడా అతుకుల బొంతగా ఉంది. పేక గుద్దిన ప్రతి చోటా మాట సగం తెగిపోయింది, ఎందుకంటే ఆమె అక్షరాన్ని ఒత్తేది సరిగ్గా గుద్దుతోనే. రికార్డు ఆపగానే 'గొంతును శుభ్రం చేయడం' అనే పని ఆ సాఫ్ట్‌వేర్ తనంత తానే చేసేస్తుందట. మనుషుల గొంతు కానిదంతా దానికి చెత్త.

ఒక పక్క ఒళ్లు మండిపోతున్నది. ఇంకో పక్క, దాచడమెందుకు, విస్తుపోయాను. జాతరలో పాడుతున్న మనిషి గొంతును జనం గోలలోంచి విడదీయడానికి నేను ఎన్ని తిప్పలు పడ్డానో నాకే తెలుసు. ఈ మిషను కళ్లు మూసి తెరిచేలోగా మగ్గాన్ని, మనిషిని విడదీసింది. అంత శక్తి ఉన్నదానికి ఏది ఉంచాలో ఏది తీయాలో చెప్పేవాళ్లు లేకపోయారు.

మేనల్లుడు వచ్చి విన్నాడు. "ఫికర్ చేయకు మామా, అమ్మతోని మళ్ల పాడిపిద్దాం," అన్నాడు.

"ఏడ పాడిపిస్తవ్? గుంటల మన్ను పోసినవ్ గద."

అతని మీద నాకు కోపం లేదు. నా కోపం ఎక్కడికి పోవాలో అక్కడికే పంపించాను. ఆ కంపెనీ వెబ్‌సైటులో వాడేవాళ్లు అభిప్రాయాలు, సలహాలు రాయడానికి ఒక చోటు ఉంది. ఇంగ్లీషులో రాయమని ఉంది. ఇంగ్లీషు నాకు చదవడానికి వస్తుంది, తిట్టడానికి రాదు. అందుకే తెలుగులో రాశాను. మీరు చెత్త అని తీసేసింది ఆ పాటకు తాళం. తబలా అయితే ఉంచేవాళ్లు కదా, మగ్గమైతే ఎందుకు తీశారు? ఏది చప్పుడో, ఏది పాటో మనిషిని అడగకుండా తేల్చే హక్కు మీకెవరిచ్చారు? తీసేముందు అడిగే మీట ఒకటి పెట్టండి. అని రాసి, కింద నా వయసు కూడా వేశాను.

వెంటనే జవాబు వచ్చింది. మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు అని. మనిషి రాసింది కాదని అది వచ్చిన వేగమే చెబుతున్నది. ఇంకా కింద, ఏ సలహాకు ఎక్కువ ఓట్లు వస్తే దాన్నే ముందు చూస్తాం అని ఉంది. నా సలహాకు ఉన్నది నా ఓటే.

ఆ సాయంత్రం భజన బృందం రిహార్సలుకు వస్తే సంగతి చెప్పాను. నువ్వు ఓట్లడుగుతానవంటే వార్డు మెంబరుకు నిలబడ్డవేమో అనుకున్న అని గురువు వెక్కిరించాడు. వెక్కిరిస్తూనే అందరి చేతా ఫోన్లు తీయించాడు. ఓటేయమంటే ఓటేసి ఊరుకోలేదు మా వాళ్లు. భజనలో ఒకడు పాడితే మిగతావాళ్లు అందుకోవడం అలవాటు కదా, నేను రాసిన ఆఖరు వాక్యాన్నే ఒకరి కింద ఒకరు రాసుకుంటూ పోయారు. మధ్య మధ్య దండం పెట్టే బొమ్మలు. డోలక్ వాయించే ఆయన తన మనవరాలి పుట్టినరోజు ఫోటో పెట్టాడు. ఎందుకయ్యా అంటే, "ఉత్త చేతులతోని పోతమా?" అన్నాడు.

తెల్లారేసరికి నా ఖాతా ఆపేశారు. ఒకే మాట పదే పదే రాయించడం నిబంధనలకు విరుద్ధమట. నా మీద నాకే అసహ్యమేసింది. అక్క పాట ఇక లేదనుకున్నాను. రెండు రోజులు కంప్యూటరు మీద గుడ్డ కూడా తీయలేదు.

మూడో రోజు ఒక మెయిలు వచ్చింది. ఈసారి మనిషే. ఆ గుంపు రాతలను తీసేసే పని తనదని, తీసేముందు యంత్రం చేత అనువాదం చేయించి చదివానని రాశారు. ఆడమనిషో మగమనిషో పేరు చూస్తే నాకు తెలియలేదు, ఏ దేశమో కూడా తెలియదు. కిందనే ఒక ప్రశ్న. మగ్గం పాటను నడిపిస్తుందా, పాట మగ్గాన్ని నడిపిస్తుందా?

రెండుసార్లు చదివాను. ఆ పాట నీడలో పెరిగినవాణ్ణి, నాకెప్పుడూ తోచని ప్రశ్న. ఎక్కడో కూర్చుని, మగ్గమే చూడని మనిషికి తోచింది. చెప్పులేసుకుని అక్క దగ్గరికి పోయి అడిగాను. మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంపుతున్నది.

"నడిచేటప్పుడు ఏ కాలు ఏ కాలును నడిపిస్తదిరా?" అన్నది, కాయల మీంచి చూపు తీయకుండానే.

దాన్నే జవాబుగా పంపాను. మర్నాడు ఏం చేయాలో వరసగా రాసి పంపారు. ఆ సాఫ్ట్‌వేర్ అసలు రికార్డింగును చెరిపేయదట. శుభ్రం చేసింది పైన కప్పుతుంది, మొదటిది కింద ఒక ఫోల్డర్లో అలాగే ఉంటుందట. ఆ ఫోల్డరు ఎక్కడుందో, కప్పు తీసే టిక్కు ఎక్కడుందో బొమ్మలు గీసి చూపించారు. ఈ సంగతి మొదటే కనపడేలా పెట్టకపోవడం మా తప్పు, మీ సలహా మా వాళ్ల ముందు పెడతాను అని ముగించారు.

ఆ టిక్కు తీశాను. తెర మీద సన్నగా ఉన్న గీత ఒక్కసారిగా ఉబ్బింది. టక్కుమని పలక. సర్రుమని నాడె. దాని వెంట గుద్దు, గుద్దు మీద అక్క గొంతు, నిండుగా, ఒక్క అక్షరం తగ్గకుండా. పూడ్చిన గుంట నా గదిలో తెరుచుకుంది. ఎక్కిళ్లు పెట్టి ఏడ్చానని చెప్పడానికి సిగ్గు లేదు. పోయినదాన్ని ఉన్నదున్నట్టు లేపి కూర్చోబెట్టే వస్తువు మనిషి చేతిలోకి వస్తుందని, మా నాన్నకు ఎవరైనా చెప్పి ఉంటే నవ్వి నాడె విసిరేవాడు.

అక్కను ఆటోలో తీసుకొచ్చాను. మేనల్లుడు కూడా వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పాట పెట్టాను. అక్క మొదట స్పీకరు వైపు చూసింది. తర్వాత చూడ్డం మానేసింది. కుర్చీ కింద పాదాలు కదలడం మొదలైంది, ఒకటి తర్వాత ఒకటి. నా గదిలో ఆగిపోయిన చోటు వచ్చింది. ఆగలేదు. స్పీకర్లోంచి వస్తున్న తన గొంతుతో కలిసి పాడుతూ ముందుకు పోయింది. ఏకడం పాడింది, వడకడం పాడింది. మోకాళ్ల నొప్పి అన్న మాటే మరిచిపోయినట్టుంది.

రంగు అద్దే చరణం దాటాక చటుక్కున పాదాలు ఆపేసింది. స్పీకర్లో పాట సాగిపోతున్నది. అక్క చెయ్యెత్తింది.

"ఆపు. ఈడ నూలు తెగింది. అదేది?"

నాకు అర్థం కాలేదు. రికార్డు చేసిన రోజు మధ్యలో పడుగు పోగు తెగిందట. చూసుకుని, అతికి, మళ్లీ అందుకున్నదట. నాకూ లీలగా గుర్తొచ్చింది. తెర మీద వెతికితే దొరికింది. చప్పుడు లేని జాగాలను కత్తిరించి, ముందు వెనకలను దగ్గరికి జరిపే పని ఇంకొకటి ఉంది ఆ సాఫ్ట్‌వేర్లో. దానికీ ఒక టిక్కు. మగ్గం పోయిందని లోకమంతా వినేలా గోల పెట్టిన నాకే, ఆ మౌనం పోయిన సంగతి తెలియనే లేదు.

ఆ టిక్కూ తీసి, చరణం ముందు నుంచి పెట్టాను. రంగు అయిపోయింది. మగ్గం ఆగింది. గదిలో ఏ చప్పుడూ లేదు. దూరంగా ఎవరో కోడలిని పిలిచిన కేక, ఆ రోజుది, సన్నగా వినపడింది. అక్క కళ్లు మూసుకుంది. ఒళ్లో ఆమె రెండు చేతులు పైకి లేచాయి. బొటనవేలు, చూపుడువేలు కనపడని పోగు కొసలను పట్టుకుని, దగ్గరికి తెచ్చి, మెలిపెట్టి, అతికాయి. మేనల్లుడు గోడ దగ్గర్నుంచి జరిగి తల్లి పాదాల దగ్గర నేల మీద కూర్చున్నాడు. వేళ్లు విడిపోయిన క్షణానికే, ముందు కాదు వెనక కాదు, స్పీకర్లో పలక టక్కుమన్నది. కుర్చీ కింద పాదం దాన్ని అందుకుంది. కండువా దాకా పాడింది అక్క.

పాట అయిపోయాక నీళ్లు తాగి, ఆ మిషను చేసినోళ్లకు ఒక మాట రాయమన్నది. నేను కీబోర్డు ముందుకు జరిగాను. ఖాతా తిరిగి ఇచ్చారు అప్పటికి. సలహాల గడిలో ఈసారి నా కోపం ఏమీ కలపలేదు. ఆమె చెప్పింది చెప్పినట్టే కొట్టాను.

"నేను ఆడ పాట ఆపలేదు బిడ్డా. నూలు అతుకుతాన. మీరు జర ఆగుండ్రి."