కళ్ళంలో కొలిచిన ఐదు బస్తాలు

నా చిన్నప్పుడు, 1968 డిసెంబరులో, కోతలయి నూర్పులు మొదలయ్యే లోపల, మా ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారు. మంచినీళ్ళు కావాలన్నా నన్ను మధ్యన నిలబెట్టి అడిగేవారు. నాకప్పుడు పదేళ్ళు. ఎవరి పక్షాన ఉండాలో తెలియక అందరికీ నీళ్ళు అందిస్తూ, ఈ ఇల్లు ఎప్పుడు రెండవుతుందోనని భయపడుతూ తిరిగాను.

మాది నెల్లిమర్లకు దగ్గరి పల్లె. అక్కడి జూటుమిల్లు కూత వినబడేటంత దూరం. ఇంట్లో నాన్న, అమ్మ, అన్నయ్య, నేను, మా మేనత్త. మేనత్త నాన్నకు స్వయానా అప్ప, ఎనిమిదేళ్ళు పెద్ద. తల్లి పోయాక నాన్నను పెంచింది ఆమే. ఆమెకు పిల్లలు లేరు. భర్త పోయాక పుట్టింటికి వచ్చేసింది. భర్త వైపు నుంచి ఆమె పేరన ఎకరం ముప్పై సెంట్ల పల్లం ఉండేది. నాన్నే దాన్ని దున్ని, ఆ పంటను మా పంటతో కలిపి ఇంటికి తోలేవాడు. ఎవరిది ఎంత అని ఎవరూ అడగలేదు. అడగవలసిన అవసరం రాలేదు.

ఆ ఏడు మేనత్తకు ఒక కంటి చూపు పోయింది. రెండో కన్ను మసకబారుతోంది. ఆమె తరవాత మరిది కొడుకులు తగవుకు వస్తారని నాన్న భయం. చూపుండగానే పొలం తన పేర రాసి రిజిస్టరు చేయించమన్నాడు. ఆమె సరేనంది. నాన్న విజయనగరం వెళ్ళి స్టాంపు కాగితాలు కొనుక్కొచ్చాడు. మా నాన్న చెడ్డవాడు కాడు. అది ముందే చెప్పకపోతే మిగతాది తప్పుగా అర్థమవుతుంది.

రిజిస్ట్రీకి బయలుదేరే ముందు రోజు, దీపాలవేళ, మేనత్త అరుగు మీద కూర్చుని తన షరతు చెప్పింది.

"రాసిస్తాను తమ్ముడూ. కానీ అందులో ఒక ముక్క ఉండాల. ఏటా ఐదు బస్తాలు నాకు కళ్ళంలోనే కొలవాల. గింజ ఇంటికెల్లకముందే. నీ తరవాత నీ కొడుకైనా అంతే. కొలవని ఏడు ఆ కాయితం సెల్లదు. బూమి మళ్ళీ నాదే."

కళ్ళంలో కొలవడమంటే ఈ కాలం వాళ్ళకు చెప్పాలి. ఊళ్ళో బట్టలుతికేవాళ్ళు, నాగళ్ళు చెక్కేవాళ్ళు, క్షవరం చేసేవాళ్ళు ఏడాది పొడుగునా పని చేసి, నూర్పుల రోజున గంపలతో కళ్ళానికి వచ్చేవారు. రాశిలోంచి ముందు వాళ్ళ వాటా కొలవాలి. దాన్ని మేర అనేవారు. అది కొలిచాకే మిగిలిన ధాన్యం బండెక్కేది. ఇంటి ఆడపడుచుకు మేర కొలవడం ఎవరూ వినలేదు.

నాన్న ముఖం నల్లబడింది. "సొంత అప్పకి మేర కొలవాలేటి నాను? ఊరు నా మొకాన ఉమ్మదా?"

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. "ఏటి వొదినా, నా సేతి కూడు నీకు సేదైపోనాదేటి?"

"సేదెందుకవుతాదే. నీ సెయ్యి ఆడినన్నాళ్ళూ తీపే. నాకంటే ముందు మీరిద్దరూ ఎలిపోతే?"

దీపాలవేళ అనవలసిన మాట కాదది. అమ్మ చెవులు మూసుకుంది. నాన్న కాగితాలను పెట్టెలో పడేసి, మూత దబ్బున వేశాడు. ఆ చప్పుడుతోనే ఇంట్లో మాటలు ఆగిపోయాయి.

సంగతి ఎలా పాకిందో, నాలుగో నాడు మరిది కొడుకులిద్దరూ అరటిపళ్ళ హస్తం పట్టుకుని దిగారు. "పెద్దమ్మా, మా కాడికొచ్చీ. రాణిలాగ సూసుకుంటాం. మాకు ఏ ముక్కలూ అక్కర్లేదు, ఏలుముద్ర సాలు," అన్నారు. మేనత్త పండు ఒలుచుకుంటూ, "మనిసక్కర్లేదు, ఏలు సాలన్నమాట," అంది. వాళ్ళు వెళ్ళిపోయారు. కానీ ఆ రాత్రి నాన్న అన్నం తినలేదు. ఆమె వెళ్ళిపోతుందేమోనన్న భయం ఒక పక్క, ఊరిలో తలవంపులన్న భయం ఒక పక్క. నా భయం ఒకటే. తెల్లారేసరికి ఆమె మంచం ఖాళీగా ఉంటుందేమోనని.

నూర్పుల రోజున కళ్ళానికి అన్నం మోసుకెళ్ళింది నేనే. ధాన్యం తూర్పారబట్టి రాశి పోశారు. మేర కోసం వచ్చినవాళ్ళు వరసగా కూర్చున్నారు. కొలిచే మనిషి కుంచం చేతికి తీసుకున్నాడు. అప్పుడు గట్టు మీద మేనత్త కనిపించింది. ఒక చేత కర్ర, చంకన గంప. గట్టును కాలితో తడుముకుంటూ వచ్చి, వరస చివరికి చేరింది. అక్కడున్న ముసలమ్మ మాట్లాడకుండా జరిగి చోటిచ్చింది. మేనత్త గంప ముందు పెట్టుకుని కూర్చుంది.

కొలిచే మనిషి కుంచం ఆపి నాన్న వైపు చూశాడు. నాన్న దగ్గరికి వచ్చి, పళ్ళ బిగువున, "అప్పా, లే. ఇంటికెల్దాం," అన్నాడు.

"నా వొరస వొచ్చినాక లేస్తాను."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. నాన్న చెయ్యి ఆమె భుజం మీదికి వెళ్ళింది. లాగేస్తాడనుకున్నాను. ఆమె తలెత్తలేదు. గట్టిగానూ మాట్లాడలేదు.

"ఒరే, ఈళ్ళలో ఎవలైనా నీ గుమ్మం కాడికొచ్చి అడుక్కున్నారేటి? లేదు కదా. ఆళ్ళది ఇక్కడే తేలిపోతాది. రేపు నాకు కళ్ళుపోతే, గాదిలో గింజ కోసం నీ కొడుకు మొకమూ, నీ కోడలి మొకమూ సూడాల. ఆళ్ళు మంచోళ్ళే అవనీ. రోజూ అడగడం నాకు బరువు, రోజూ పెట్టడం ఆళ్ళకి బరువు. రెండు బస్తాలు నా తిండికి. ఒకటి గుడ్డకీ మందుకీ. రెండు, నాను మంచాన పడితే నన్ను తిప్పి, కడిగే మనిసికి. అంతేరా. ఒక్క గింజ ఎక్కువడిగినానేటి?"

నాన్న ఆమె భుజం మీది చెయ్యి తీశాడు. తరవాత కొలిచే మనిషి చేతిలోంచి కుంచం తీసుకున్నాడు. మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఆ "లాభం" ఆయనే అన్నాడు. ఐదు బస్తాలూ తనే కొలిచాడు. అందరూ చూస్తుండగా కొలిచాడు.

జనవరిలో రిజిస్ట్రీ అయింది. దస్తావేజు రాసేవాడు ఇలాంటి షరతు ఎప్పుడూ రాయలేదని గొణిగాడు. "ఇప్పుడు రాయి బాబూ," అంది మేనత్త. రిజిస్ట్రారు మొత్తం చదివి వినిపించి, తెలిసే వేస్తున్నావా అని అడిగితే, "తెలీకపోతే అన్నాళ్ళు తమ్ముడితో మాటల్లేకుండా ఉంటానేటి?" అని వేలిముద్ర వేసింది.

1975 ఆషాఢంలో నాన్న పోయాడు. అప్పటికి ఏడు పంటలు కొలిచాడు. మరో నాలుగేళ్ళకు అమ్మ కూడా పోయింది. దీపాలవేళ అన్న మాట నిజమైంది. అన్నయ్య పదకొండు పంటలు కొలిచాడు. వానల్లేని ఒక ఏడు ఆ ఐదూ కొలిచాక ఇంటికి చేరింది చాలా తక్కువ. మా వదిన కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అన్నయ్యతో రెండు సార్లు పెద్ద గొడవ పడింది. అయినా బస్తా తగ్గలేదు. మేనత్త చివరి రెండేళ్ళ ఎనిమిది నెలలూ మంచంలోనే ఉంది. ఆమెను తిప్పి కడిగే మనిషికి జీతం ఆ ధాన్యంలోంచే వెళ్ళింది. వదినకు ఆమె మీద విసుగు పుట్టే అవకాశం తగ్గింది. సాయంత్రాలు ఇద్దరూ కబుర్లు చెప్పుకోవడం నేను చూశాను. 1986 మార్చిలో ఆమె పోయినప్పుడు అందరికంటే ఎక్కువ ఏడ్చింది వదినే.

నిరుడు నేను విజయనగరంలోని మా ఇంటిని మా అబ్బాయి పేర రాశాను. నేనున్నన్నాళ్ళూ కింది గది నాది, మేడ మీది అద్దె నాది, అది నా చేతికి రాని నాడు దస్తావేజు చెల్లదు అని రాయించాను. చదివి వాడి కళ్ళు ఎర్రబడ్డాయి. "నా మీద నమ్మకం లేదా అమ్మా?" అన్నాడు.

"ఉంది. ఉన్న రోజునే కదా ఇది అడగగలిగేది," అన్నాను.

వాడు చాలా రోజులు ముభావంగా తిరిగాడు. నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి వాడికిష్టమైన కూర వండి, పక్కన కూర్చుని వడ్డించాను. ఆ వాక్యం మాత్రం తీయించలేదు.