సుత తీసెయ్

పదకొండు కావస్తుంటే పంజాగుట్టలో మా కాలేజీ మూడో అంతస్తుకి తాలింపు వాసన ఎక్కి వస్తుంది. కింద సందులో ఎవరిదో కర్రీ పాయింట్ ఉంది. ముందు ఎండుమిరపకాయలు, ఆ వెనకే ఇంగువ, కాస్త ఆగి కరివేపాకు. సరిగ్గా ఆ వేళకే నాకు ఎంబీఏ ఆఖరి సంవత్సరం పిల్లలకి స్ట్రాటజిక్ మేనేజ్‌మెంట్ క్లాసు. ఆ వాసనకి ముందు చలించేది నా ముక్కే, తర్వాతే పిల్లలవి. మొన్న నలుగురు కలిసి ఒక యోగా సెంటరుకి వ్యూహం తయారుచేసి తెచ్చారు. పెద్దవాళ్లకి క్లాసులు, పిల్లలకి కూడా, ఆన్‌లైన్లో కూడా, పక్కనే జ్యూస్ కౌంటర్ కూడా అంటూ తెర మీద ఒక్కొక్కటీ చూపిస్తున్నారు. వింటూ వింటూనే నా చెయ్యి సంచిలోకి వెళ్లి పెన్సిల్ కోసం వెతికింది. ఆ పెన్సిల్ అలవాటు నాది కాదు. ఖైరున్నీసా మేడమ్‌ది.

ఆవిడ మాకు పాఠం చెప్పిన కాలేజీ కూడా ఈ చుట్టుపక్కలే, అమీర్‌పేట వైపు. మాసబ్ ట్యాంక్ నుంచి బస్సులో వచ్చేవారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ గంజి పెట్టిన కాటన్ చీరలో ఉండేవారు. అంతకుముందు చాలా ఏళ్లు ఫ్యాన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ప్లానింగ్ చూశారట. పుట్టింది మెదక్ వైపు చిన్న ఊళ్లో. ఇంట్లో ఉర్దూ, సర్కారు బడిలో తెలుగు, కొలువులో ఇంగ్లీషు, ఇలా మూడు భాషలు మూడు చోట్ల నేర్చుకున్న మనిషి. క్లాసులో మాత్రం ఇంగ్లీషే. మా రిపోర్టులు దిద్దేటప్పుడు ఆవిడకో వింత పద్ధతి ఉండేది. పెన్నుతో ఇంగ్లీషులో రాసేది యూనివర్సిటీ కోసం, పెన్సిల్‌తో తెలుగులో రాసేది మా కోసం. పెన్ను రాతలో మర్యాద ఉండేది, పెన్సిల్ రాతలో నిజం ఉండేది. మేం రిపోర్టు చేతికి రాగానే పెన్సిల్ కోసమే వెతుక్కునేవాళ్లం.

మొదటి రోజు పుస్తకం తెరవలేదు. అందరినీ కిందికి దింపి అమీర్‌పేట రోడ్డు మీద ఆ చివర నుంచి ఈ చివరికి నడిపించారు. అక్కడి బోర్డుల సంగతి చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఒక్కో మేడకి ఇరవై బోర్డులు, ఒక్కో బోర్డు మీద పది కోర్సులు, ఖాళీ మిగిలితే స్పోకెన్ ఇంగ్లీషు. తిరిగొచ్చి కూర్చున్నాక, చదివిన బోర్డుల్లో గుర్తున్నవి చెప్పమన్నారు. మా నలభై మందికీ గుర్తున్నది ఒక్కటే, "గొడుగులు బాగు చేస్తాం". మేం నవ్వాం, ఆవిడ నవ్వలేదు. "ఆయన ఏం చెయ్యడో ఆయనకి తెలుసు. ఈ సెమిస్టర్ అంతా మీరు నేర్చుకోవాల్సింది అదే" అన్నారు ఇంగ్లీషులో. ఓస్ ఇంతేనా, దీనికి సెమిస్టర్ ఎందుకు అనుకున్నాను నేను.

అనుకోవడానికి నాకు కారణం ఉంది. నాకు సొంతంగా ఒక వ్యాపారం చేతిలో ఉంది మరి. మాది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. నాన్నకి శ్రీనగర్ కాలనీలో ఒక సినిమా ఆఫీసులో పని. సినిమా మొదలైతే పని ఉండేది, ఆగిపోతే నాన్న కూడా ఇంట్లో ఆగిపోయేవారు. అందుకని అమ్మ అమీర్‌పేట వెనక సందులో, ఒక లేడీస్ హాస్టల్ కింద, సత్యవతి కర్రీ పాయింట్ అని తన పేరుతోనే పెట్టుకుంది. మొదట్లో కూరలు, పప్పు, పులుసు, అంతే. బాగానే నడిచింది. తర్వాత అదే సందులో ఇంకో రెండు కర్రీ పాయింట్లు వచ్చాయి. మధ్యాహ్నానికి ఖాళీ అయ్యే గిన్నెల్లో కూరలు మిగలడం మొదలైంది. షట్టర్ అద్దెకిచ్చిన ఇంటాయన ఒకరోజు వచ్చి, "దసరా దాకా చూస్తానమ్మా, ఇలాగే ఉంటే ఫోన్ కవర్ల షాపు వాళ్లు అడుగుతున్నారు" అని చెప్పి వెళ్లాడు.

అప్పుడు రంగంలోకి దిగింది నేను. ఎంబీఏ చదువుతున్నదాన్ని కదా, ఊరుకుంటానా? పక్కవాళ్లు చపాతీలు పెడితే మేమూ పెట్టాం. అవతలివాళ్లు ఇడ్లీ, దోశ అంటే మేమూ అన్నాం. తర్వాత ఫ్రైడ్ రైస్. పెట్టినప్పుడల్లా పెయింటర్ వచ్చి బోర్డు మీద ఒక్కో రంగులో ఒక్కో ముక్క చేర్చేవాడు. చపాతీలు కూడా. టిఫిన్లు కూడా. ఫ్రైడ్ రైస్ కూడా. "పుట్టినరోజు ఆర్డర్లు కూడా" రాయడానికి చోటు చాలక అమ్మ పేరు మీదికి ఎక్కించాడు. సత్యవతిలో చివరి అక్షరం దాని కింద సగం మునిగిపోయింది. అమ్మ దాన్ని ఒకసారి చూసి లోపలికి వెళ్లి పప్పు కడుక్కుంది. నేను క్లాసులు ఎగ్గొట్టి కౌంటర్లో నిలబడుతున్నా అడ్డు చెప్పలేదు. ఈ ఆఖరి సెమిస్టర్ మానేసి పూర్తిగా కొట్లో కూర్చుంటే గానీ కుదరదని నాలో నేను నిర్ణయించేసుకున్నాను కూడా.

సెమిస్టర్ ప్రాజెక్టుకి మా కొట్టునే తీసుకున్నాను. ముప్పై పేజీలు రాశాను. అంత పట్టుదలతో చదువులో నేను రాసింది ఇంకేదీ లేదు. రిపోర్టు తిరిగొచ్చిన రోజు వరండాలోనే నిలబడి ఆఖరి పేజీ తిప్పాను. పెన్నుతో ఇంగ్లీషులో "శ్రద్ధగా చేసిన పని" అని ఉంది. దాని కింద పెన్సిల్‌తో, గుండ్రని తెలుగు అక్షరాల్లో ఇలా ఉంది.

"బేటా, ముందుగల్ల సుత తీసెయ్. దుకాణం దానంతట అదే నిలబడ్తది."

ఇక్కడ నా అజ్ఞానం గురించి ఒక మాట చెప్పాలి. అమీర్‌పేటలో ఉన్నా మా కొట్టుకొచ్చేవాళ్లు, మా ఇంటి చుట్టూ ఉన్నవాళ్లు చాలావరకు మా వైపు వాళ్లే. ఆటోవాళ్ల నోట ఆ మాట నా చెవిన పడే ఉంటుంది, కానీ కాగితం మీద ఎప్పుడూ చూడలేదు. పైగా మా ఊళ్లో అందరిలాగే ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నదాన్ని. సుతుడు అంటే కొడుకు, సుత అంటే కూతురు అని బట్టీ కొట్టి నూటికి తొంభై తొమ్మిది తెచ్చుకున్నదాన్ని. నాకు ఆ వాక్యంలో ఇంకో అర్థమే తట్టలేదు. ముందు కూతుర్ని తీసెయ్, కొట్టు బాగుపడుతుంది. ముప్పై పేజీలు చదివి ఆవిడ తేల్చింది ఇదన్నమాట. వరండాలోనే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడుపు కంటే కోపమే ఎక్కువ.

కొట్టుకి వెళ్లి, సుత అంటే కూతురని అర్థం చెప్పి, అమ్మ ముందు రిపోర్టు పడేశాను. అమ్మ చేతులు తుడుచుకుని, ఆ రెండు వాక్యాలూ రెండుసార్లు చదివింది.

"ఏంటే, ఆవిడగారు నీ చపాతీలు గానీ తిన్నదా ఏంటి?" అంది.

"నవ్వకమ్మా. నేను కొట్టుకి దండగట."

అమ్మ నవ్వు ఆపి రిపోర్టుని మసాలా డబ్బాల పక్కన జాగ్రత్తగా పెట్టింది. "అడుగు మరి, ఎందుకలా రాశారో. అడక్కుండా అలిగితే ఆవిడకేం తెలుస్తుంది?" అంది, అంతే.

నేను అడగలేదు, అలిగాను. నాలుగు రోజులు కాలేజీకి వెళ్లలేదు. అయిదో రోజు అమ్మే బలవంతంగా పంపింది. స్టాఫ్ రూములో మేడమ్ ఒక్కరే ఉన్నారు. కళ్లద్దాల మీదుగా చూశారు.

"నాలుగు దినాల నుంచి కానరాలె. పాణం బాగలేదా?"

నేను రిపోర్టు తెరిచి ఆవిడ ముందు పెట్టాను. "నన్ను తీసేస్తే మా అమ్మకి ఎవరున్నారు మేడమ్? మీరు మా కొట్టు చూడకుండా అంత మాట ఎలా రాశారు?"

ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు. "నిన్ను తీసెయ్యమని నేనెందుకు రాస్త?" అని కాగితం దగ్గరికి లాక్కుని చదివారు. నా ముఖం చూశారు. మళ్లీ చదివారు. ఉన్నట్టుండి నవ్వు మొదలైంది. కళ్లద్దాలు తీసి కొంగుతో కళ్లు ఒత్తుకునేంత నవ్వు.

"యా అల్లా! సుత అంటే 'కూడా', బేటా. ఆల్సో! గిది సుత, గది సుత అంటం కదా. జర నీ రిపోర్టు చూడు" అని మొదటి పేజీ తిప్పారు. ప్రతి పేజీలోనూ "ఆల్సో" అన్న మాట కింద సన్నటి పెన్సిల్ చుక్క ఉంది. కోపంలో నేను వాటిని చూడనే లేదు. "చపాతీలు సుత, టిఫిన్లు సుత, ఫ్రైడ్ రైస్ సుత. గిన్ని సుతలేంది? మీ అమ్మ దుకాణం ఏది? నాకు గీ ముప్పై పేజీలల్ల యాడ దొరకలే."

సిగ్గుతో నేల చూశాను. నవ్వు ఆపుకుని ఆవిడే నా చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు. "ఫికర్ చెయ్యకు. రేపు నేనొచ్చి చూస్త" అన్నారు.

నిజంగానే వచ్చారు. లోపలికి రాలేదు, సందుకి అవతల మెట్ల మీద నోటు పుస్తకం పెట్టుకుని పదకొండు నుంచి ఒంటిగంట దాకా కూర్చున్నారు. తర్వాత వచ్చి అమ్మకి సలాం చెప్పి, "అక్కా, వచ్చినోళ్లు అన్నిటికంటే ముందు ఏం అడుగుతున్నరో చూసిన్రా?" అన్నారు.

"పప్పుచారండీ. అది పన్నెండున్నరకే అయిపోతుంది మేడమ్ గారూ."

"అయిపోతే ఇంకింత ఎందుకు కాస్తలేరు?"

అమ్మ నా వైపు చూసి, చెప్పాలా వద్దా అన్నట్టు ఆగింది. "పొయ్యిలు మూడండీ. ఒకదాని మీద చపాతీ పెనం, ఇంకోదాని మీద ఫ్రైడ్ రైస్. మిగిలిన ఒక్కదాని మీదే నా వంటంతా."

నేనూ ఆ మూడు పొయ్యిల మధ్యే రోజూ తిరిగాను. ముప్పై పేజీల్లో పొయ్యిల గురించి ఒక్క వాక్యం రాయలేదు. అమ్మ పప్పుచారు కోసం వచ్చి, లేదని వెనక్కి వెళ్లేవాళ్లని ఆపడానికే నేను చపాతీలు పెంచుతూ పోయాను. చపాతీలు పెంచినకొద్దీ పప్పుచారు తగ్గింది. పోటీ పక్క కొట్లలో లేదు, మా పొయ్యి మీదే ఉంది.

"అన్నీ తీసేస్తే కొట్టు నిలబడుతుందని గ్యారంటీ ఏంటి మేడమ్?" అనడిగాను. నాకు నిజంగా భయం వేసింది.

"గ్యారంటీ లేదు. గ్యారంటీ ఉంటే దాన్ని స్ట్రాటజీ అనరు బేటా, టైంటేబుల్ అంటరు. మీ అమ్మ చేతికి ఏది వస్తదో గది చెయ్యనియ్యి. మిగతాది వద్దు అననీకి ధైర్యం కావాలె, గంతే." ఆవిడ వెళ్తూ పప్పుచారు అడిగి కట్టించుకున్నారు.

బోర్డు మీద తెల్లరంగు నేనే వేశాను. పెయింటర్ని పిలుస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు, బ్రష్ నా చేతికే ఇచ్చింది. ఒక్కో "కూడా" చెరిపేస్తుంటే ప్రాణం ఉసూరుమంది, అన్నీ నేను రాయించినవే కదా. ఆఖరిది చెరిపితే అమ్మ పేరులో చివరి అక్షరం బయటపడింది. మొదటి రెండు వారాలు చపాతీల కోసం వచ్చినవాళ్లు మొహం మీదే విసుక్కుని వెళ్లారు. అమ్మ కూడా నాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడో వారం నుంచి హాస్టల్ పిల్లలు ఒంటిగంట దాటాక కూడా పప్పుచారు దొరుకుతుందని ఒకరికొకరు చెప్పుకున్నట్టున్నారు. దసరాకి నాలుగు రోజుల ముందు షట్టర్ ఇంటాయన వచ్చాడు. ఆయన చేతిలో స్టీలు గిన్నె ఉంది. "పప్పుచారుంటే పొయ్యమ్మా, మా ఆవిడ తెమ్మంది" అన్నాడు. ఫోన్ కవర్ల మాట ఆ తర్వాత ఎత్తలేదు.

ఆ మర్నాడు నేను ఎప్పటిలా కౌంటర్లోకి వస్తుంటే అమ్మ గరిటె అడ్డం పెట్టింది.

"ఇంకో సుత మిగిలిపోయింది" అంది.

"ఏదమ్మా? బోర్డంతా చెరిపేశాగా."

"నువ్వే. చదువూ కావాలి, కొట్టు కూడా అంటే ఎలాగే? మీ మేడమ్ గారు ఏ అర్థంలో రాస్తేనేం, రెండూ నిజమే. రేపటి నుంచి ఇటు రాకు, పో, పరీక్షలు రాసుకో."

నేను వాదించాను, ఏడ్చాను. అమ్మ వినలేదు. సహాయానికి పక్క వీధి లక్ష్మమ్మని పెట్టుకుంది. నేను పరీక్షలు రాశాను, తర్వాత ఇంకా చదివాను, చివరికి ఈ పాఠమే చెప్పే ఉద్యోగంలో స్థిరపడ్డాను. నా జీవితంలో నన్ను నిలబెట్టిన వాక్యం నేను తప్పుగా చదువుకున్న వాక్యమే. ఈ సంగతి తర్వాత మేడమ్‌కి చెప్పాను. "మీ అమ్మ నాకంటే పెద్ద ప్రొఫెసర్" అన్నారు. ఆవిడ ఇప్పుడు రిటైరై మాసబ్ ట్యాంక్‌లో చెల్లెలి దగ్గర ఉంటున్నారు. మా పిల్లలకి ఒక క్లాసు కూడా చెప్పమని పోయినసారి అడిగాను. "కూడా అన్నవా?" అని కళ్లద్దాల మీదుగా చూశారు. నేనింక రెట్టించలేదు.

మొన్న యోగా సెంటరు రిపోర్టు ఆఖరి పేజీలో నేను పెన్సిల్‌తో "ముందుగల్ల సుత తీసెయ్" అని రాసి ఇచ్చాను. క్లాసయ్యాక ఒక కోస్తా అమ్మాయి బిక్కమొహంతో వచ్చి, "మేడమ్, మా టీంలోంచి నన్ను తీసెయ్యమన్నారా?" అనడిగింది. ఇంటర్లో సంస్కృతమేనా అంటే తలూపింది. పక్కన కూర్చోబెట్టుకుని ఈ కథంతా చెప్పాను.

తర్వాత ఎప్పటిలా అమీర్‌పేట దాకా నడిచి వెళ్లి అమ్మ కొట్టు ముందు వరసలో నిలబడ్డాను. కౌంటర్లోకి నాకు ఇప్పటికీ ప్రవేశం లేదు. నా వంతు వచ్చేసరికి అమ్మ తల ఎత్తకుండానే "ఏం కావాలమ్మా?" అంది.

"పప్పుచారు" అన్నాను. వంకాయ కూర కూడా అనబోయి నాలుక కరుచుకున్నాను.

అమ్మ తలెత్తి చూసింది. "లక్ష్మమ్మా, తీసేసిన సుత వచ్చింది, ఇంకో గరిటె ఎక్కువ పొయ్యి" అంది. వేడి పొట్లం సంచిలో పెన్సిల్ పక్కన పెట్టుకుని ఇంటికి బయల్దేరాను.