నీళ్ల పాట

డాక్టర్లు బంగారయ్యకు రోజుకు అరలీటరుకు మించి నీళ్లు తాగొద్దన్నారు. పూండి దగ్గర జీడితోట, నిండు బావి ఉన్న రైతు. కిడ్నీలు పోయాక గుక్కలు కొలుచుకునే బతుకైంది. వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్ మంచమెక్కి, నర్సు ప్రమోదినిని ఒక్కటే అడిగేవాడు.

"ఆ నీళ్ల పాటెట్టమ్మా."

అది ఆమె ఫోన్లో ఉన్న చర్చి పాట. ఆయన ఏనాడూ చర్చి గడప తొక్కలేదు. అయినా "నీళ్లడిగితే తలుపు మూసిరి, నీవే నాకు ఊటవైతివి" అన్న చోటికి రాగానే కళ్లు ధారలు కట్టేవి. నాలుక పిడచకట్టుకుపోయినవాడికి ఆ మాట ఎంత చల్లన!

మొన్న సోమవారం ఉండబట్టలేక అడిగాడు. "ఎవులు రాసినారమ్మా ఇది?"

"మాయమ్మే తాతా. మూలపేటలో సర్చికెల్లే మా నాన్నని సేసుకుందని పుట్టింటోలు ఎలేసినారట. నన్ను సంకనేసుకుని మిట్టమద్దినేల అన్న గుమ్మంలో నిలబడి గుక్కెడు నీళ్లడిగితే, మొకమ్మీదే తలుపేసేసినాడట. తిరిగొచ్చే దారిలోనే కట్టింది."

బంగారయ్య కళ్లముందు ఆ మధ్యాహ్నం నిలిచింది. ఎండబోసిన జీడిపిక్కల పక్కన, చంకలో పిల్లతో, ఒక్కగానొక్క చెల్లెలు. లోపలినుంచి గడియ పెట్టింది ఈ చెయ్యే. ఇన్నాళ్లూ తన దాహానికి ఏడుస్తున్నాననుకున్నాడు, సిగ్గులేని మనిషి!

"ఆ అన్న పేరేటమ్మా?"

"పోయేదాకా సెప్పనేదు తాతా. ఎప్పుడైనా ఎదురుపడితే నాను పగబడతానని బయం. దాహమన్నోడు ఎవుడైనా నీళ్లిమ్మని మాత్రం సెప్పింది."

అంటూనే ప్రమోదిని కొలిచి పోసిన నీళ్లగ్లాసు ఆయన పెదాలకు ఆనించింది. నోరు తెరుచుకోలేదు.