నారాయణమ్మక్క తుంగ చేను

మొన్న మార్కాపురంలో మూలికల దుకాణానికి వెళ్ళాను. పాప సున్నిపిండిలోకి తుంగముస్తలు కావాలని నా భార్య చీటీ రాసి ఇచ్చింది. దుకాణం ఆయన ఒక గడ్డను రాతిమీద చితక్కొట్టి, సరుకు మంచిదో కాదో చూసుకోమని నా ముక్కు దగ్గర పెట్టాడు. తడిమట్టిలో కర్పూరం కలిపినట్టుండే ఆ ఘాటు తగలగానే నాకు కొమరోలు దగ్గర రెండున్నర ఎకరాల ఎర్రచేను గుర్తొచ్చింది. ఆ చేను ఆసామి నారాయణమ్మ గుర్తొచ్చింది. ఈ గడ్డను పొట్లం కట్టించుకుని ఇంటికి తీసుకుపోతున్నానని తెలిస్తే ఆమె ఎంత నవ్వేదో! ఒకప్పుడు దీన్ని ఆ చేలోంచి వెళ్ళగొట్టలేక ఇద్దరం నానా తంటాలు పడ్డాం.

అప్పుడు నేను గ్రామ వ్యవసాయ సహాయకుడిగా కొత్తగా చేరాను. మాది దొనకొండ దగ్గర మెట్ట సేద్యం చేసే ఇల్లే అయినా, చదువు పూర్తయ్యేసరికి నాకు రైతులకంటే ఎక్కువ తెలుసన్న పొగరు తలకెక్కి ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని గట్టుమీద నిలబడి మాట్లాడేవాణ్ణి, చేలోకి దిగేవాణ్ణి కాదు. నారాయణమ్మకు అప్పటికి యాభై దాటి ఉంటాయి. భర్త పోయాక ఆ చేను తానే చేసుకుంటోంది. నాలుగేళ్ళుగా తుంగ గడ్డి కమ్మేసి కంది మొలక పైకి రావడం లేదు. ఆమె మరిది ఓబులేసు ఆ చేనూ తన చేనూ కలిపి జామాయిల్ వేస్తానంటున్నాడు. జామాయిల్ మొక్క నాటితే ఇక ఆ నేల తన చేతికి రాదని ఆమెకు తెలుసు. రెండు ఎండాకాలాలు గడువు అడిగింది. అప్పటికీ చేను బాగుపడకపోతే ఇచ్చేస్తానని పెద్దమనుషుల ముందు మాట ఇచ్చింది. ఆ మాట ఇచ్చిన మర్నాడే నా దగ్గరికి వచ్చింది.

నేను గడ్డిమందు పేరు రాసి ఇచ్చాను. ఆమె కాగితం తీసుకోలేదు. చేను వాలు కుంటలోకి ఉందని, ఊళ్ళో గొర్రెలన్నీ అక్కడే నీళ్ళు తాగుతాయని, మందు లేకుండా దారి చెప్పమని అడిగింది. మందు లేకుండా దారి నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. వాన పడిన రెండో రోజు రోటవేటర్ వేయించు, తుంగ ముక్కలు ముక్కలై చస్తుందని ధీమాగా చెప్పాను. ఆమెకే కాదు, ఆ వారం రైతుల సమావేశానికి వచ్చిన మరో ఏడుగురికి కూడా అదే చెప్పాను.

తుంగ ముక్కలైతే చావదు. నేలలో గొలుసుకట్టుగా ఉండే గడ్డలు తెగి, నిద్రపోతున్నవన్నీ ఒక్కసారి మొలుస్తాయి. మూడు వారాలకు ఆమె చేను నారుమడిలా పచ్చగా అయింది. కబురు తెలిసి నేను రెండు రోజులు ఆ దారిన పోకుండా తప్పించుకు తిరిగాను. మూడో రోజు ఆమే నేను పనిచేసే రైతు కేంద్రానికి వచ్చి ఎదురుగా కూర్చుంది. కడిగి పారేస్తుందనుకున్నాను. నీళ్ళు తాగి చెంబు పక్కన పెట్టింది.

“నీ మాట ఒకతూరి ఇన్నాను గదా నాయనా. ఇప్పుడు నా మాట ఒకతూరి ఇను. నాతో గిద్దలూరు రా, పందులు గావాల” అంది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా వైపు నల్లమల అంచు ఊళ్ళల్లో అడవిపందుల బాధ తెలియనివాళ్ళు లేరు. అవి చేలో పడకుండా చుట్టూ కంచెలా పాత చీరలు కడతారు. ఈమె ఏమో పందుల్ని పిలుచుకొస్తానంటోంది! అడవిపంది పడిన చేలల్లో తుంగ తగ్గడం చిన్నప్పుడు తన నాయన చూపించాడట. పంది మూతికి తుంగ గడ్డంటే ప్రాణమట. బస్సులో దారంతా నేను ఎవరైనా చూస్తారేమోనని కిటికీవైపు తల తిప్పుకునే కూర్చున్నాను. గిద్దలూరు శివారులో పందులు మేపే చిన్నంకయ్యను ఆమె ‘అన్నా’ అని పిలిచి, అతని మంచం మీదే కూర్చుని మాట్లాడి ఒప్పించింది.

పంట లేని ఎండాకాలంలో, రెండు తడులిచ్చి మెత్తబరచిన నేలలోకి చిన్నంకయ్య ఇరవై పందుల్ని తోలాడు. ఊరంతా పందులు లోపలికి రాకుండా చీరలు కడితే, నారాయణమ్మ బయటికి పోకుండా కట్టింది. జనం వరసపెట్టి చూడ్డానికి వచ్చారు. భూమిని మైల చేసిందని ఓబులేసు గట్టుమీదే తిట్టాడు. పక్కచేను ఆయన నన్ను చూసి, “సారూ, చదువులో ఇది గూడా ఉన్నిందా?” అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె మాత్రం చీర కుచ్చిళ్ళు దోపుకుని పందుల వెనకాలే తిరుగుతూ, అవి వదిలేసిన గడ్డల్ని గంపలోకి ఏరుతూ ఉంది. ఎంతసేపని గట్టుమీద నిలబడను? చెప్పులు విప్పి నేనూ దిగాను.

పందులు పోయాక లోతు దుక్కి దున్నించింది. పైకి తేలిన గడ్డల్ని ఏరి బండమీద ఎండబెట్టి కాల్చాం. తొలకరికి జనుము ఎంత ఒత్తుగా చల్లిందంటే నేల కనబడలేదు. తుంగ నీడకు ఓర్వదు. జనుమును పూతకు ముందు కలియదున్ని, ఆ తర్వాత పది రోజులకొకసారి మొలిచిన ప్రతి పిలకనూ పీకించింది. ఆదివారాలు నేనూ పీకేవాణ్ణి. ఎన్నిసార్లు పీకినా మళ్ళీ వస్తోందని ఒకరోజు విసుక్కున్నాను.

“అది గడ్డలో తిండి దాచుకుంటది నాయనా. ఆకేసినప్పుడల్లా ఆ తిండి కొంత ఖర్చయితది. మళ్ళ దాచుకోనీకుండ పీకాల, అంతే. ఇసుగు దానికి రావాల, మనకు గాదు” అంది.

నా పుస్తకాలన్నీ చెప్పిన సంగతి అదే. నాకు అర్థమైంది మాత్రం ఆ రోజే, నడుము నొప్పితో.

రెండో ఎండాకాలం మళ్ళీ పందులు వచ్చాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ ఏడాది కంది మోకాలు దాటి, నడుము దాటి, పసుపుపచ్చగా పూసింది. తుంగ పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. అక్కడక్కడా ఉంది, పంటను మింగే బలం లేదు. ఓబులేసు వచ్చి సాళ్ళ మధ్య ఆ కొస నుంచి ఈ కొసదాకా నడిచాడు. “చెయ్యి వదినా, నీ చేను నువ్వే చెయ్యి” అని వెళ్ళిపోయాడు. ఆమె గట్టుమీద కూలబడి కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది. నాకూ కళ్ళు నిండాయి. గెలిచామన్న గర్వం కూడా ఉంది, దాచుకోవడమెందుకు?

కాసేపటికి మొహం తుడుచుకుని నా వైపు తిరిగింది.

“నాది బాగయింది సరే. రోటవేటర్ ఏపిచ్చమని ఇంకా ఏడు మందికి చెప్పినావే, వాళ్ళకు తప్పని చెప్పినావా?”

చెప్పలేదు. రెండేళ్ళు ఆమె చేలో పిలకలు పీకాను కానీ, ఆ ఏడుగురి చేల వైపు కన్నెత్తి చూడలేదు. నా తప్పు ఒక్క చేలోనే దిద్దుకుని మంచివాణ్ణయిపోయాననుకున్నాను.

మర్నాడు మొదలుపెట్టి ఏడిళ్ళకూ వెళ్ళాను. ఇద్దరు అరిచారు. ఒకాయన అప్పటికే చేను వదిలేసి కూలికి పోతున్నాడు. వాకిట్లోనే నిలబెట్టి అంతా విన్నాడు. “ఇప్పుడొచ్చి చెప్తివి. ఎవురు చెప్పమన్నారు నీకు?” అని అడిగాడు. నాకు నేనే వచ్చానని చెప్పుకోవాలని ఎంత అనిపించిందో. “నారాయణమ్మక్క” అన్నాను. ఆయన లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. ఆయన్ను ఒప్పించి, ఆయన చేను తిరిగి సాగులోకి తేవడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

నారాయణమ్మక్క కిందటి వానాకాలంలో జ్వరం వచ్చి చనిపోయింది. ఆఖరు పంట దాకా ఆ చేను తానే చేసుకుంది. నేనిప్పుడు వేరే మండలంలో పనిచేస్తున్నాను. రోజూ ఎవరికో ఒకరికి ఏదో ఒకటి చెబుతూనే ఉంటాను. చెప్పిన ప్రతి చేలోకీ నెల తిరక్కుండా మళ్ళీ వెళ్ళి, నా మాట ఏం చేసిందో చూస్తాను. గట్టు దగ్గరికి రాగానే ఇప్పటికీ ఏం చూడాల్సి వస్తుందోనని భయమే. చెప్పులు విప్పి దిగుతాను.